నంద్యాల నేర్పిన లెక్క: 'తదుపరి ప్రధాని' మార్కెట్ ధరను ఎలా చదవాలి

1991 వేసవిలో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో పీవీ నరసింహారావు ఎక్కడా పోటీ చేయలేదు. మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. సరిగ్గా నెల తిరిగేసరికి, జూన్ 21న, పీవీ ప్రధానిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. సభ్యుడు కానివారు మంత్రిగా ఆరు నెలల వరకు కొనసాగవచ్చని రాజ్యాంగం 75వ అధికరణం చెబుతోంది. ఆ గడువులోగా, నవంబరులో, అప్పటి కర్నూలు జిల్లాలోని నంద్యాలకు ఉప ఎన్నిక వచ్చింది. సిట్టింగు ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. పీవీ 5 లక్షల 80 వేల ఓట్ల మెజారిటీతో గెలిచారు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో 'తదుపరి ప్రధాని ఎవరు?' అని ధరలు కట్టే మార్కెట్ ఒకటి ఉండి ఉంటే, రాజీవ్ గాంధీ, అద్వానీ, వీపీ సింగ్, చంద్రశేఖర్ పేర్లు పై వరుసల్లో ఉండేవి. పీవీ పేరు విడిగా కనిపించేదే కాదు, 'ఇతరులు' అనే ఆఖరి గడిలో కలిసిపోయేది. రూపాయికి రెండు మూడు పైసలు కూడా పలకని ఆ గడిలోంచే ప్రధాని వచ్చారు.

ఇప్పుడు పత్రికల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇలాంటి మార్కెట్ల అంకెలు తరచుగా కనిపిస్తున్నాయి. 'ఫలానా దేశంలో ఫలానా నాయకుడికి 62 శాతం అవకాశం' అని ఒక్క వరుసలో ముగిస్తారు. ఆ 62 ఏ ప్రశ్నకు వచ్చిన జవాబు, ఎంత డబ్బు మీద నిలబడింది, ఏ నిబంధన కింద తేలుతుంది అన్నవి అందులో ఉండవు. ఓటరు ఎన్నుకునేది ఎంపీని. ఎంపీకీ ప్రధాని కుర్చీకీ మధ్య ఇంకా మూడు నాలుగు మెట్లున్నాయి. ఓట్ల మెట్టును మార్కెట్ ఓ మోస్తరుగా బాగానే కొలుస్తుంది. ఆ పైమెట్ల దగ్గరే తడబడుతుంది. కాబట్టి ధరను ఒక్క ముద్దగా మింగకుండా మెట్టు మెట్టుగా విడదీసి చదవాలి.

సరుకు ఏమిటి, ధర ఏమిటి

ఆదోని మార్కెట్ యార్డులో క్వింటా పత్తి ఈ రోజు ఎంత పలికిందో చూస్తే, దాని వెనక వానలు, గులాబీ పురుగు, మిల్లుల దగ్గరున్న నిల్వలు, ఎగుమతుల కబుర్లు అన్నీ ఉంటాయి. కొనేవాడు ఒకటి తెలుసుకుని వస్తాడు, అమ్మేవాడు మరొకటి తెలుసుకుని వస్తాడు. ఇద్దరి తెలివీ కలిసి ఒక అంకె అవుతుంది. ప్రెడిక్షన్ మార్కెట్ నడిచేది కూడా ఈ సూత్రం మీదే. అక్కడ సరుకు పత్తి కాదు, ఒక వాక్యం. 'ఫలానా తేదీలోగా ఫలానా వ్యక్తి ప్రధానిగా ప్రమాణం చేస్తారు' అన్న వాక్యం నిజమైతే 1 డాలరు చెల్లిస్తారు, కాకపోతే సున్నా. ఆ కాగితాన్ని ఇప్పుడు 62 సెంట్లకు కొంటున్నారంటే, ఆ మాట నిజమయ్యే అవకాశం సుమారు 62 శాతమని కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిసి తేల్చినట్టు. నిజమైతే లాభం 38 సెంట్లు, కాకపోతే పెట్టిన 62 సెంట్లూ పోతాయి.

పద్ధతి మరీ కొత్తదేమీ కాదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1988 అధ్యక్ష ఎన్నికలప్పుడే చిన్న మొత్తాలతో పరిశోధన కోసం ఇలాంటి మార్కెట్ నడిపింది. బ్రిటన్‌లో 2000లో మొదలైన బెట్‌ఫెయిర్, అమెరికాలో కాల్షీ, క్రిప్టో నాణేలతో నడిచే పాలీమార్కెట్ ఆ తర్వాత వచ్చాయి. 2024 అమెరికా అధ్యక్ష ఎన్నిక మీద ఒక్క పాలీమార్కెట్‌లోనే 300 కోట్ల డాలర్లకు పైగా లావాదేవీలు నడిచాయి. చాలా దేశాల ప్రధాని మార్కెట్లు అందులో నూరో వంతు కూడా ఉండవు. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే ముందు ముందు పనికొస్తుంది.

సీమ పల్లెల్లో ఎన్నికలప్పుడు కాసే పందేలకూ దీనికీ తేడా ఉంది. ఊళ్లో ఒకటికి రెండు పందెం అంటే, గెలుస్తాడన్నవాడు 2 లక్షలు, గెలవడన్నవాడు 1 లక్ష మధ్యవర్తి దగ్గర పెడతారు. అంకెల్లో చెబితే 2ను 3తో భాగించాలి, అంటే గెలిచే అవకాశం 66.7 శాతమని ఒప్పుకున్నట్టు. సమానంగా కాస్తే 50 శాతం. లెక్క ఒక్కటే అయినా ఊరి పందెంలో ఒకసారి మాటిస్తే వెనక్కి రావడం లేదు. వారం తర్వాత కొత్త సంగతి తెలిసినా ధర మారదు. పైగా చాలామంది పందెం కాసేది అంచనా మీద కాదు, అభిమానం మీద, పట్టుదల మీద. తన పార్టీ ఓడిపోతుందని తెలిసినా ఎదుటివాడి ముందు తగ్గకూడదని కాస్తాడు. పొలాలు, బంగారం పోగొట్టుకున్న ఇళ్లు అలా తయారైనవే. మార్కెట్‌లో మాత్రం పొద్దున కొన్నది సాయంత్రం అమ్మేయవచ్చు. అందుకే అక్కడి ధర కబురు వెంట కదులుతుంది. అభిమానం, పట్టుదల అక్కడా ఉంటాయి, కానీ వాటిని సొమ్ము చేసుకోవడానికి అవతలి వైపు ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు.

తెర మీద కనిపించే అంకె

తెర మీద కనిపించే శాతం చాలాసార్లు ఎవరూ కొనని, ఎవరూ అమ్మని ధర. కొనడానికి సిద్ధంగా ఉన్నవారి అత్యధిక ధర 32 సెంట్లు, అమ్మడానికి సిద్ధంగా ఉన్నవారి అత్యల్ప ధర 41 సెంట్లు అనుకుందాం. పాలీమార్కెట్ చూపించేది ఈ రెంటి నడిమి అంకె, 36.5. ఆ ధరకు ఒక్క కాగితం కూడా చేతులు మారి ఉండకపోవచ్చు. రెంటి మధ్య ఎడం 10 సెంట్లు దాటితే నడిమి అంకె బదులు చివరిసారి అమ్ముడైన ధరను చూపిస్తుంది. అది గంట కిందటిదో, నాలుగు రోజుల కిందటిదో కావచ్చు. కాబట్టి మొదట చూడాల్సింది శాతం కాదు, ఎడం. రెండు మూడు సెంట్ల ఎడం ఉంటే ఆ అంకెను నమ్మి ముందుకు పోవచ్చు. తొమ్మిది పది ఉంటే అది అంకె కాదు, 32కూ 41కీ మధ్య ఎక్కడో అన్న ఊహ మాత్రమే.

రెండోది లోతు. ఏ ధరకు ఎన్ని కాగితాలు అమ్మకానికి ఉన్నాయో ఆర్డర్ బుక్‌లో కనిపిస్తుంది. 41 సెంట్లకు 500, 43కు 800, 46కు 600, ఆ తర్వాత 48కి కొన్ని ఉన్నాయనుకుంటే, మొదటి మూడింటినీ ఊడ్చేయడానికి అయ్యే ఖర్చు 205, 344, 276 కలిపి 825 డాలర్లు. మన డబ్బులో 70 వేల రూపాయలకు కాస్త పైన. అప్పుడు ఎడం 10 దాటుతుంది కాబట్టి తెర చూపేది చివరి అమ్మకపు ధర. అంటే అంత పెట్టిన ఒక్క మనిషి ఒక దేశ ప్రధాని అభ్యర్థి అవకాశాన్ని తెర మీద 36.5 నుంచి 46 దాకా లేపగలడు. ఆ తెరను ఫోటో తీసి 'గాలి మారింది' అని గ్రూపుల్లో పంచితే, 70 వేలకు అంత ప్రచారం ఇంకెక్కడా దొరకదు. తొలకరి వానల తర్వాత జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో దొరికే వజ్రానికి కొనేవాళ్లు నలుగురే కాబట్టి వాళ్లు చెప్పిందే ధర అవుతుంది. పలచని మార్కెట్ ఎక్కడైనా అంతే.

పెద్ద మార్కెట్లలోనూ ఇది జరిగింది. 2012 అమెరికా ఎన్నికల చివరి రెండు వారాల్లో, ఇంట్రేడ్ అనే మార్కెట్‌లో ఒకే వ్యాపారి రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీ మీద ఆగకుండా కొంటూ ధరను పడిపోకుండా నిలబెట్టాడు. దాదాపు 40 లక్షల డాలర్లు పోగొట్టుకున్నాడు. 2024లో ఒక ఫ్రెంచి వ్యాపారి ట్రంప్ మీద కోట్ల డాలర్లు పెట్టినప్పుడు ఇది కూడా అలాంటిదేనని చాలామంది అన్నారు. అతను మాత్రం సొంతంగా సర్వే చేయించుకుని, అంచనా మీదే పెట్టాడు, గెలిచాడు. బయటి నుంచి చూసేవాళ్లకు ఈ ఇద్దరి కొనుగోళ్లూ ఒకేలా కనిపిస్తాయి. ఏది తెలివి, ఏది డబ్బుతో ధరను నెట్టే తోపు అన్నది ధర చెప్పదు.

మూడోది మొత్తం. అభ్యర్థులందరి ధరలూ కూడితే 100 రావాలి. సాధారణంగా రాదు. నలుగురున్న మార్కెట్‌లో కొనుగోలు ధరలు 58, 27, 11, 9 ఉంటే మొత్తం 105. ఒక్కోదాన్ని 105తో భాగిస్తే 55.2, 25.7, 10.5, 8.6 వస్తాయి. తొలి సవరణగా ఇది చాలు. కానీ ఈ అదనపు 5 అందరి మీదా సమానంగా పడదు, ఎక్కువ భాగం అడుగు వరుసల్లోనే ఉంటుంది. కారణం వడ్డీ. గెలిచే ఆశే లేని ఒకాయన 'అవును' కాగితం 3 సెంట్లు పలుకుతోందంటే, దాని ఎదుటి 'కాదు' కాగితం 97 సెంట్లు. ఏడాది తర్వాత తేలే ప్రశ్నలో 97 పెట్టి 100 తీసుకుంటే వచ్చేది 3.1 శాతం. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. కాబట్టి ఆ 3ను 1కి దించడానికి ఎవరూ డబ్బు కట్టేయరు. దూరపు ఎన్నికల్లో 2, 3, 4 సెంట్లు పలికే పేర్లను 'కొద్దిగా అవకాశం ఉంది' అని చదివితే పొరపాటు పడతాం. రుసుములు కూడా ఈ పని చేస్తాయి. ప్రెడిక్ట్ఇట్ అనే మార్కెట్ లాభంలో 10 శాతం, డబ్బు బయటికి తీసేటప్పుడు మరో 5 శాతం కోసేది. ఒక్కో కాంట్రాక్టు మీద చాలా ఏళ్లు 850 డాలర్ల పరిమితి పెట్టింది. చీనీ కాయల బేరంలో టన్నుకు ఇంత అని తరుగు తీస్తే రైతు చేతికొచ్చే ధర మారినట్టే, ఇక్కడ కోత తీస్తే అంకె అర్థం మారుతుంది.

ఓటు నుంచి కుర్చీ దాకా

పార్లమెంటరీ పద్ధతి ఉన్న దేశంలో ప్రధాని ఎవరన్నది ఒక ప్రశ్న కాదు, గొలుసు. పార్టీ ఎక్కువ సీట్లు తెచ్చుకోవాలి. పార్టీ ఆ నాయకుడినే కొనసాగించాలి. మెజారిటీ తక్కువైతే మిత్రులు ఒప్పుకోవాలి. రాష్ట్రపతో, రాజో, గవర్నర్ జనరలో పిలవాలి. ఈ గొలుసును అంకెల్లో పెడితే ఇలా ఉంటుంది: మొదటి స్థానం వచ్చే అవకాశం 0.70, పార్టీ అదే నాయకుడిని నిలబెట్టే అవకాశం 0.85, మిత్రులు ఒప్పుకునే అవకాశం 0.80. మూడూ గుణిస్తే 0.476. పార్టీ రెండో స్థానంలో ఉండి కూడా కుర్చీ దక్కే దారి ఒకటి ఉంటుంది. మిగిలిన 0.30లో పదో వంతు, అంటే 0.03, దానికి కలిపితే సుమారు 51 శాతం. ఒక్కో మెట్టు విడిగా చూస్తే గట్టిగానే కనిపిస్తుంది, మొత్తం మాత్రం సగానికి వచ్చింది. మార్కెట్ 65 అంటుంటే, ఏ మెట్టు దగ్గర మన అంచనాకూ దానికీ తేడా వచ్చిందో వెతకాలి. సర్వేల్లో పార్టీ ముందున్న ఊపులో రెండో, మూడో మెట్లను జనం 1 అనేసుకోవడమే చాలాసార్లు ఆ తేడాకు కారణం.

ఆఖరి మెట్టు మాటేమిటంటే, 1979ని చూడాలి. జులై 15న మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. నిర్ణయం రాష్ట్రపతి భవన్‌లో ఉన్న నీలం సంజీవరెడ్డి చేతికి వచ్చింది. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, జనతా పార్టీ గెలిచిన ఒకే ఒక్క స్థానం నంద్యాల. అక్కడ గెలిచింది ఆయనే. రాష్ట్రపతిగా ఆయన మొదట ప్రతిపక్ష నేత వైబీ చవాన్‌ను పిలిచారు. ఆయన వల్ల కాలేదు. తర్వాత చరణ్ సింగ్‌ను పిలిచారు. జులై 28న ప్రమాణం జరిగింది. ఇందిరా కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకోవడంతో ఆగస్టు 20న, సభను ఎదుర్కోకుండానే చరణ్ సింగ్ రాజీనామా చేశారు. తనకు అవకాశమివ్వాలని జగ్జీవన్ రామ్ అడుగుతున్నా, ఆగస్టు 22న సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. ఆ అయిదు వారాల్లో దేశంలో ఒక్క ఓటు కూడా పడలేదు. మార్కెట్ ఉండి ఉంటే ధరలు నాలుగు సార్లు తలకిందులయ్యేవి, ప్రతిసారీ కారణం ఒకే గదిలోని ఆలోచన. వేలమంది తెలివిని పోగుచేయడం మార్కెట్‌కు చేతనవుతుంది. తెలిసినవాళ్లు ఒకరో ఇద్దరో ఉన్నచోట పోగుచేయడానికి ఏమీ ఉండదు.

1996 మే, జూన్ నెలలు చూసినా ఇదే కనిపిస్తుంది. బీజేపీ 161 స్థానాలతో పెద్ద పార్టీ. మే 16న వాజపేయి ప్రమాణం చేశారు, 28న రాజీనామా చేశారు. యునైటెడ్ ఫ్రంట్ తరఫున వీపీ సింగ్ వద్దన్నారు. జ్యోతిబసును సొంత పార్టీయే వద్దంది. కన్వీనర్‌గా చంద్రబాబు నాయుడు ఉన్న ఆ కూటమి నుంచి జూన్ 1న ప్రధాని అయింది కర్ణాటక ముఖ్యమంత్రి దేవెగౌడ. 2004లో మే 15న కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ నాయకురాలిగా సోనియా గాంధీని ఎన్నుకున్నారు. మిత్రపక్షాలు లేఖలిచ్చాయి. గొలుసులో అన్ని మెట్లూ పూర్తయినట్టే. మే 18న ఆమె వద్దన్నారు, 22న మన్మోహన్ సింగ్ ప్రమాణం చేశారు. ఆ 17వ తేదీన ఏ మార్కెట్ అయినా ఆమె పేరుకు 95 సెంట్లు పలికేది. అది తెలివితక్కువ ధరా? కాదు. అప్పటికి తెలిసినదాన్ని బట్టి సరైన ధరే. 95 అంటే ఇరవైలో ఒకసారి తప్పుతుందని అర్థం. 95ను 100గా చదవడమే తప్పు.

2024లో ఈ మెట్టు మళ్లీ సీమ గడప దగ్గరికొచ్చింది. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగిసింది, 4న లెక్కింపు జరుగుతుండగా 4,390 పాయింట్లు పడింది. బీజేపీకి 240, ఎన్డీయేకి 293. మెజారిటీకి కావలసిన 272 కోసం తెలుగుదేశం 16, జేడీయూ 12 కీలకమయ్యాయి. కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం నాలుగూ ఆ 16లోనివే. కడప వైఎస్సార్సీపీకి దక్కింది. సీట్ల అంచనాలు అంతగా తప్పినా ప్రధాని పేరు తప్పలేదు. 'ఎన్ని సీట్లు' అన్నది, 'ఎవరు ప్రధాని' అన్నది రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకటి తప్పిందని రెండోదాన్ని, ఒకటి నిజమైందని రెండోదాన్ని తూచకూడదు.

బయటి దేశాల్లో నిజంగా ధరలు నడిచిన ఉదాహరణలు కూడా దీన్నే చెబుతాయి. 2016 జూన్‌లో బ్రెగ్జిట్ ఓటింగ్ ముగిసే వేళకు బెట్‌ఫెయిర్ ధరలు యూనియన్‌లో ఉండిపోవడానికే 80 శాతానికి పైగా ఇచ్చాయి. ఫలితం ఎదురు తిరిగింది. బ్రిటన్ ప్రధాని కామెరాన్ తప్పుకుంటానన్నాక బోరిస్ జాన్సన్ ముందంజలో ఉన్నారు. జూన్ 30 ఉదయం సొంత శిబిరంలోని మైకేల్ గోవ్ పోటీకి దిగడంతో జాన్సన్ గంటల్లో తప్పుకున్నారు. జులై 13న థెరిసా మే ప్రధాని అయ్యారు. జపాన్‌లో 2025 అక్టోబరు 4న పాలక పార్టీ అధ్యక్ష ఎన్నికకు ముందు ధరలన్నీ కొయిజుమి వైపు మొగ్గాయి, గెలిచింది తకాయిచి. అక్కడితో అయిపోలేదు. అక్టోబరు 10న మిత్రపక్షం కొమెయితో బయటికి పోయింది. పార్టీ అధ్యక్షురాలైనా ప్రధాని అవుతుందా అన్న సందేహం మొదలై, 21న పార్లమెంటు ఓటుతో గానీ తీరలేదు. ఓటర్లు తక్కువగా ఉండి, వాళ్లలో ఎక్కువమంది ఎంపీలే అయిన పార్టీ ఎన్నికల్లో మార్కెట్ తప్పడం మామూలే. అక్కడ సర్వే చేయడానికి జనం ఉండరు, ఎంపీలు పైకి చెప్పేది ఒకటి, లోపల రాసేది మరొకటి.

ఓట్ల మెట్టు దగ్గర కూడా నూటికి నూరు అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో 2019 మే 18 ఎన్నికకు రెండు రోజుల ముందే, లేబర్ గెలిచేసిందని తీర్మానించి స్పోర్ట్స్‌బెట్ సంస్థ లేబర్ మీద కాసినవారికి 13 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు చెల్లించేసింది. గెలిచింది అప్పటి ప్రధాని మోరిసన్ కూటమి. సర్వేలన్నీ ఒకే వైపు తప్పినప్పుడు మార్కెట్ కూడా వాటితోపాటే తప్పుతుంది, దానికి వేరే మేత ఉండదు.

వాక్యం చదవకపోతే

డబ్బు చెల్లించేది శీర్షికను బట్టి కాదు, కింద సన్న అక్షరాల్లో ఉన్న నిబంధనను బట్టి. కెనడా దీనికి మంచి పాఠం. 2025 జనవరి 6న లిబరల్ ప్రధాని ట్రూడో తప్పుకుంటానన్నప్పుడు కన్జర్వేటివ్‌లు సర్వేల్లో 20 పాయింట్లకు పైగా ముందున్నారు, ధరలన్నీ వాళ్ల నాయకుడు పొయిలివ్ వైపే. మార్చి 14న లిబరల్ నాయకుడు మార్క్ కార్నీ ప్రధాని అయ్యారు, ఏప్రిల్ 28 ఎన్నికలో గెలిచి కొనసాగారు. పొయిలివ్ సొంత సీటు కూడా ఓడిపోయారు. ఇక్కడ 'తదుపరి ప్రధాని' అని ఉన్న కాంట్రాక్టు మార్చి 14నే తేలిపోతుంది. 'ఎన్నిక తర్వాత ప్రధాని' అని ఉన్నది మే దాకా నడుస్తుంది. ఫిబ్రవరిలో ఈ రెంటి ధరలూ పక్కపక్కన పెట్టి ఒక్కటే అనుకున్నవారి లెక్క చెడిపోతుంది. ఫ్రాన్స్‌లో ఇంకో చిక్కు. ప్రధాని లెకోర్ను 2025 అక్టోబరు 6న రాజీనామా చేశారు, 10న ఆయననే మళ్లీ నియమించారు. 'తదుపరి' అంటే వేరే మనిషి కావాలా, అదే మనిషి మళ్లీ వస్తే చెల్లుతుందా? నిబంధనలో రాసి ఉంటే సరి, లేకపోతే తగాదా.

ప్రశ్న చదివేటప్పుడు వెతకాల్సినవి ఇవి: నియామకమా, ప్రమాణమా, సభలో బలపరీక్షా, ఆపద్ధర్మ ప్రధాని లెక్కలోకి వస్తారా, గడువు దాటితే డబ్బు ఎటు పోతుంది, ఏ అధికారిక ప్రకటనను ఆధారంగా తీసుకుంటారు. 2025 సెప్టెంబరులో నేపాల్‌లో ప్రధాని ఓలీ దిగిపోయిన మూడు రోజులకే సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు. అలాంటి చోట 'తాత్కాలిక' అన్న ఒక్క మాట మీదే మొత్తం డబ్బు ఆధారపడుతుంది.

తగాదా వస్తే తీర్చేదెవరన్నది కూడా చూడాలి. పాలీమార్కెట్‌లో ఎవరో ఒకరు పూచీ సొమ్ము కట్టి 'ఫలితం ఇదీ' అని ప్రతిపాదిస్తారు. రెండు గంటల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఖాయం. చెబితే, చివరికి యూఎమ్‌ఏ అనే టోకెన్ ఉన్నవాళ్లు ఓటేసి తేలుస్తారు. 2025 జూన్‌లో నాటో సమావేశానికి జెలెన్‌స్కీ వేసుకొచ్చింది సూటా కాదా అన్న ప్రశ్న మీద 20 కోట్ల డాలర్లకు పైగా లావాదేవీలు నడిచి, పత్రికలు సూటని రాసినా, ఓటింగులో 'కాదు' అని తేలింది. బట్టల మీదే అంత రగడ అయితే, ప్రమాణ స్వీకారం మీద కోర్టు స్టే వచ్చిన రోజున ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇక లోపలి సమాచారం. 2024లో బ్రిటన్ ఎన్నిక తేదీ ముందే తెలిసి పందెం కాశారన్న ఆరోపణపై, మరుసటి ఏడాది గ్యాంబ్లింగ్ కమిషన్ 15 మంది మీద అభియోగాలు మోపింది. ఏ కబురూ లేకుండా అర్ధరాత్రి ఒక పేరు 4 నుంచి 40కి ఎగబాకితే రెండే అర్థాలు: ఎవరికో తెలిసింది, లేదా ఎవరో తోస్తున్నారు. రెంటినీ విడదీసే చిట్కా ఒకటుంది. తోపు అయితే కొన్ని గంటల్లో ధర మెల్లగా వెనక్కి జారుతుంది, ఎడం పెరుగుతుంది. తెలిసి కొన్నదైతే పైధర దగ్గరే నిలబడుతుంది, లోతు కూడా పెరుగుతుంది. ఒక రోజు ఆగి చూడటం మంచిది.

డబ్బు పెట్టే పని కాదు

ఇది స్పష్టంగా చెప్పాల్సిన విషయం. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974ను 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షలు. 'ఒపీనియన్ ట్రేడింగ్' పేరుతో రూపాయల్లో నడిచిన ప్రోబో లాంటి యాప్‌లు ఆ నెలలోనే ఆ ఆట ఆపేశాయి. క్రిప్టో దారిలో విదేశీ మార్కెట్‌కు డబ్బు పంపితే గెలిచినా దాన్ని చట్టబద్ధంగా వెనక్కి తెచ్చుకునే దారి లేదు, మోసపోతే ఫిర్యాదు చేయడానికి చోటు కడపలోనూ లేదు, ఢిల్లీలోనూ లేదు. ఎన్నికల సమయంలో ఇంకో గీత కూడా ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ ప్రకారం పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి దశ ముగిసిన అరగంట వరకు ఎగ్జిట్ పోల్స్ వెల్లడించకూడదు. జ్యోతిష్యులు, విశ్లేషకులు చెప్పే ఫలితాల జోస్యం కూడా దీని కిందికే వస్తుందని ఎన్నికల సంఘం 2017లో చెప్పింది. విదేశీ మార్కెట్ ధరను ఆ రోజుల్లో గ్రూపుల్లో పంచేవారు ఈ సెక్షన్‌ను ఒకసారి చదువుకోవాలి.

ధరలను చదవడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు. నోటుబుక్కు చాలు. వారానికి ఒక రోజు, ఒకే వేళకు, పై నాలుగు పేర్ల కొనే ధర, అమ్మే ధర, ఎడం, మొత్తం రాసుకోవాలి. పక్కన సొంత గొలుసు వేసి, ప్రతి మెట్టుకూ అంకె ఇచ్చి, గుణించి రాయాలి. మార్కెట్ ధర చూడకముందే సొంత అంకె రాయాలి, చూశాక రాస్తే చేయి దానంతట అదే అటు వంగుతుంది. 'ఇతరులు' గడిని ఖాళీగా వదలకూడదు. సంకీర్ణం తప్పదనిపించే ఎన్నికలో దానికి 8, 10 శాతం కూడా ఎక్కువ కాదు.

తేలాక మార్కులు వేసుకునే పద్ధతిని 1950లో గ్లెన్ బ్రియర్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఇచ్చాడు, వాన జోస్యాల కోసం. ఒక్కో పేరుకు ఇచ్చిన అంకెకూ, జరిగినదానికీ (గెలిస్తే 1, లేకపోతే 0) తేడా తీసి, వర్గం చేసి, కూడాలి. తక్కువ వస్తే మంచిది. 0.55, 0.26, 0.11, 0.08 (ఆఖరిది 'ఇతరులు') అని రాసుకున్నవారికి మొదటి పేరు గెలిస్తే 0.29 వస్తుంది, 'ఇతరులు' గెలిస్తే 1.23 వస్తుంది. మొదటి పేరుకు 0.97, మిగిలిన మూడింటికీ 0.01 చొప్పున ధీమాగా రాసుకున్నవారికి 'ఇతరులు' గెలిస్తే 1.92. ఒక్క ఎన్నికతో ఎవరి అంచనా మంచిదో తేలదు. ఇరవై ముప్పై ప్రశ్నలు పోగయ్యాక, 70 శాతం అన్నవాటిలో నిజంగా పదికి ఏడు జరిగాయా అని చూసుకోవాలి.

నోటుబుక్కులో ఆఖరి వరుస ఫలితాల రోజున కాదు, ప్రమాణం రోజున రాయాలి. 1996లో నంద్యాల మళ్లీ పీవీనే గెలిపించింది. అప్పుడు లెక్కింపు పూర్తయ్యాక దేవెగౌడ ప్రమాణం దాకా రెండు వారాలకు పైగా పట్టింది, ఈ మధ్యలో ఇంకో ప్రధాని వచ్చి వెళ్లారు. ఆ వారాల్లో రోజుకొక వరుస రాయాలి, వారానికి ఒకటి చాలదు.